తొమ్మిదో రోజు కాఫీ విరిగిపోయిందంటే...

ఈసారి ఉత్తరం కాస్త పెద్దది, కుదించి పెడుతున్నా.

"నేను పద్నాలుగేళ్ళుగా వెజిటేరియన్ని అండీ. గుడ్డు, పాలు, పెరుగు, చీజ్ అన్నీ తింటాను. పోయినేడాది పాడి పశువుల సంగతి తెలిశాక వీగన్ (అంటే పాలూ గుడ్డూ కూడా ముట్టకుండా) అయిపోదామని గట్టిగా అనుకున్నా. రెండు సార్లు మొదలుపెట్టా, రెండు సార్లూ ఆగిపోయా. రెండోసారి తొమ్మిదో రోజు పొద్దున్నే బాదం పాలు కాఫీలో పోస్తే ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది, పారబోసి ఏడ్చినంత పని చేశా, ఆ రాత్రే ఫ్రిజ్ ముందు నిలబడి మావారు తెచ్చుకున్న చీజ్ సగం తినేశా. ఎముకలు గుల్లబారిపోతాయి జాగ్రత్త అని అక్క భయపెడుతోంది. మాంసం మానేసినప్పుడు ఇంత కష్టపడలేదు, ఇదెందుకు ఇలా ఉంది? నాకు విల్ పవర్ లేదంటారా?"

లేదనను. కాఫీ విరగడానికీ మీ విల్ పవర్‌కీ ఏం సంబంధం చెప్పండి, అది కెమిస్ట్రీ, దాని సంగతి కింద చెప్తా. ముందు మాంసం అప్పుడు ఈజీగా అయిపోయి ఇప్పుడెందుకు అవట్లేదన్న దానికి జవాబు చెప్పుకుందాం, ఎందుకంటే అది అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

మాంసం ప్లేట్‌లో ఒక చోట ఉంటుంది. అది తీసేస్తే అక్కడొక ఖాళీ కనపడుతుంది, ఆ ఖాళీలో మనం ఏం పెట్టాం? నా సంగతి నిజాయితీగా చెప్తే చీజ్ పెట్టా, గుడ్డు పెట్టా, పెరుగు ఇంకో కప్పు వేసుకున్నా, అయిపోయింది, వెజిటేరియన్ అయిపోయానని కాలర్ ఎగరేశా. అంటే మాంసం మానేయడం ఈజీ అయింది పాలు ఆదుకోబట్టే. ఇప్పుడు మీరు ఆ ఆదుకున్నదాన్నే తీసేస్తున్నారు. పైగా పాలు ఒక చోట ఉండవు కదా, కాఫీకి రంగూ చిక్కదనం అదే ఇస్తుంది, కేక్‌కి మెత్తదనం, సూప్‌కి కమ్మదనం అదే, సాయంత్రం నాలుగింటికి ఆకలేస్తే ఒక గ్లాసు తాగి ఊరుకుంటాం, ఇవన్నీ కనపడేవి, కనపడకుండా ప్రోటీను, కాల్షియం, బి12, అయోడిన్ కూడా అదే మోసుకొస్తోంది. ఇన్ని పనులు చేస్తున్న మనిషి ఒక్కసారిగా ఉద్యోగం మానేసి వెళ్ళిపోతే ఆఫీసు ఎలా ఉంటుందో మీ వంటిల్లు తొమ్మిదో రోజుకి అలా అయింది, అంతే.

అందుకని "పాలకి బదులు ఏంటి" అని వెతకొద్దండీ, దానికి జవాబు లేదు. ఒక్కో చోట "ఇక్కడ పాలు ఏం పని చేస్తున్నాయి" అని అడగండి, ఒక్కో పనికి ఒక్కో జవాబు ఈజీగానే దొరుకుతుంది. నేను ఈ మాట తెలుసుకోడానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది.

కాఫీతోనే మొదలుపెడదాం. కాఫీలో పులుపు ఉంటుంది, నోటికి అంతగా తెలియదు గానీ పులుపుని కొలిచే పీహెచ్ సుమారు 5 దగ్గర ఉంటుంది (7 కన్నా తగ్గితే పులుపు), మొక్కల పాలల్లో ఉన్న ప్రోటీన్ ఆ పులుపూ ఆ వేడీ రెండూ ఒకేసారి తగిలితే తట్టుకోలేక గడ్డ కడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు మరుగుతున్న కాఫీలో పోస్తే ఇంకా తొందరగా విరుగుతుంది. మీరు చేసింది అదే అయ్యుంటుంది. ఇలా చేసి చూడండి: పాలు విడిగా గోరువెచ్చగా చేసి ముందు కప్పులో పోయండి, కాఫీ దించాక ఒక రెండు నిమిషాలు ఆగనిచ్చి, అప్పుడు ఆ పాలల్లోకి కాఫీని సన్నటి ధారగా పోస్తూ స్పూన్‌తో తిప్పుతూ ఉండండి. కాఫీని పాలల్లోకి పోయాలి, పాలని కాఫీలోకి కాదు, ఈ ఒక్క తేడాకే నా కప్పులో సగం గొడవ తగ్గింది. బాగా ముదురుగా వేయించిన గింజల కాఫీలో పులుపు తక్కువ ఉంటుంది కాబట్టి అది ఇంకా నయం. ఇంత ఓపిక లేదంటే బరిస్టా అని రాసి ఉండే ప్యాకెట్లు వస్తాయి, వాటిల్లో పులుపుని అదుపు చేయడానికి పొటాషియం ఫాస్ఫేట్ లాంటిది కలుపుతారు, అవి అంత తొందరగా విరగవు. ఓట్ పాలు కూడా కాఫీకి బాగానే ఉంటాయి, ప్రోటీన్ తక్కువ కాబట్టి విరగడం తక్కువ, కొంచెం తియ్యగా కూడా ఉంటాయి, అది చక్కెర వేయడం వల్ల కాదు (కొన్నిట్లో వేస్తారు, అది వేరే), తయారీలో ఎంజైములు ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేస్తాయి కాబట్టి.

ఇక్కడే నేను బోల్తా పడ్డా. కాఫీకి బాదం పాలు బాగున్నాయి కదా అని పాలు ఉన్న ప్రతి చోటా బాదం పాలే పెట్టేశా, పొద్దున సీరియల్‌లో అదే, సాయంత్రం గ్లాసు అదే. పాలు లాగా తెల్లగా ఉన్నాయి, పేరులో పాలు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నా. మధ్యాహ్నం పదకొండున్నరకే ఆకలి, సాయంత్రం అయ్యేసరికి కనపడిన వాళ్ళందరి మీదా చిరాకు. తర్వాత ఒకరోజు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే ఏముంది, ఆవు పాలు 250 మిల్లీలీటర్లు తాగితే ప్రోటీన్ సుమారు 8 గ్రాములు వస్తుంది, సోయా పాలల్లో 7 దాకా వస్తుంది, ఓట్‌లో 2-3, బాదంలో ఒక గ్రాము! నేను రోజుకి మూడు గ్లాసుల చొప్పున ఏడాదంతా తాగింది దాదాపు తెల్లటి నీళ్ళన్నమాట. బాదం పాలు చెడ్డవని కాదు, రుచికి తాగండి, కాఫీలో పోసుకోండి. కడుపు నింపే పని, ప్రోటీన్ పని మాత్రం సోయాకి అప్పజెప్పండి, లేదా బఠాణీ ప్రోటీన్‌తో చేసిన పాలకి. ఒకే రకం పాలు కొనడం మానేసి రెండు రకాలు పెట్టుకుంటే సరిపోతుంది, ఒకటి కప్పుకి, ఒకటి కడుపుకి.

ఇప్పుడు చీజ్. రాత్రి పది గంటలకి ఫ్రిజ్ ముందు. చీజ్‌కి డ్రగ్స్ లాగా అడిక్ట్ అయిపోతాం, అందులో మత్తు పదార్థం ఉంది అని చాలామంది చెప్తుంటారు, కేసిన్ అనే పాల ప్రోటీన్ అరిగేటప్పుడు కేసోమార్ఫిన్స్ అనేవి వస్తాయన్నది నిజమే గానీ దాన్ని పట్టుకుని మీరు బానిస అని చెప్పడం మరీ సాగదీయడం, అంత గట్టి రుజువు దానికి లేదు. మీ ఉత్తరంలో ఇంకో లైను ఉంది, పైన కుదించినప్పుడు తీసేశా, ఆ రోజు రాత్రి సలాడ్ తిని పడుకోబోయానని రాశారు. ఇంకేం మరి! పొద్దున కాఫీ లేదు, రాత్రి ఆకులు, ఆ స్థితిలో ఉప్పూ కొవ్వూ ప్రోటీనూ మూడూ ఉన్న ముద్ద కంటికి కనపడితే ఎవరైనా తింటారు, నేనైతే మీవారికి ఆ సగం కూడా మిగిల్చేదాన్ని కాదు.

కాబట్టి రాత్రి తిండిలో బరువైనది ఒకటి కచ్చితంగా ఉండాలి. ఉడికించిన బీన్స్, శనగలు, పప్పులు ఏవైనా ఒక కప్పు తింటే 15 గ్రాముల దాకా ప్రోటీన్, టోఫు గానీ సోయా చంక్స్ గానీ ఉంటే ఇంకా మంచిది, పైన వేయించిన వేరుశనగలో నువ్వులో ఒక గుప్పెడు. 60 కిలోల మనిషికి రోజుకి కనీసం 48 గ్రాముల ప్రోటీన్ కావాలన్నది మామూలు లెక్క, మొక్కల నుంచి తీసుకునేటప్పుడు ఇంకాస్త ఎక్కువే పెట్టుకోండి. ఒక హెచ్చరిక, బీన్స్ ఒక్కసారిగా పెంచకండి, కడుపు ఉబ్బి గ్యాస్‌తో మూడో రోజుకే మళ్ళీ నాకు ఉత్తరం రాస్తారు. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళల్లో మెత్తగా ఉడికించండి, పావు కప్పుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ వెళ్ళండి.

చీజ్ రుచే కావాలనిపించినప్పుడు, ఒక కప్పు జీడిపప్పు నాలుగు గంటలు నానబెట్టి (తొందరుంటే వేడినీళ్ళల్లో అరగంట), అర కప్పు నీళ్ళు, నిమ్మరసం ఒక స్పూను, వెల్లుల్లి ఒక రెబ్బ, ఉప్పు, రెండు పెద్ద స్పూన్ల న్యూట్రిషనల్ ఈస్ట్ వేసి మిక్సీలో వెన్నలా అయ్యేదాకా తిప్పండి. న్యూట్రిషనల్ ఈస్ట్ అంటే బ్రెడ్‌లో వేసే ఈస్ట్ కాదు, పసుపు రంగులో పొరలు పొరలుగా ఉంటుంది, దానికే ఆ చీజ్ వాసన. నిజం చెప్తున్నా, ఇది చీజ్ కాదు, చీజ్ అనుకుని నోట్లో పెట్టుకుంటే మోసపోయినట్టుంటుంది, కొత్త వంటకం అనుకుని తింటే చాలా బాగుంటుంది. అందుకే కొన్న వీగన్ చీజ్ మొదటి నెలలో ముట్టుకోవద్దంటా, పాత రుచి ఇంకా నాలుక మీదే ఉంటుంది, పక్కపక్కన పెట్టి పోలుస్తుంది, కొత్తది ఓడిపోతుంది. ఓ మూడు నెలలు పోయాక అదే ముక్క తినండి, పర్లేదే అంటారు.

మిగతావి చకచకా చెప్పేస్తా. పెరుగు కావాలంటే తీపి కలపని మామూలు సోయా పాలని 40-43 డిగ్రీల వేడిలో తోడు పెట్టుకోవచ్చు, పాలతో చేయని పెరుగు కల్చర్ వాడాలి, గట్టిగానే తోడుకుంటుంది. మజ్జిగ వేయమని కేక్ రెసిపీలో ఉంటే కప్పు సోయా పాలల్లో పెద్ద స్పూను నిమ్మరసం పిండండి, ఇందాక కాఫీలో విరిగి ఏడిపించింది కదా, ఇక్కడ ఆ విరగడమే మనకి కావాలి. కేక్‌లో గుడ్డుకి బదులు అవిసె గింజల పొడి ఒక పెద్ద స్పూను, నీళ్ళు మూడు పెద్ద స్పూన్లు కలిపి పది నిమిషాలు ఉంచితే జిగురుగా అవుతుంది, ఒక గుడ్డుకి అది సరి. గుడ్డు తెల్లసొన లాగా నురగ కావాలంటే ఉడికించిన శనగల నీళ్ళు గిలక్కొట్టండి, ఇది 2014లో ఫ్రాన్స్‌లో ఒకాయన కనిపెట్టారు, మొదటిసారి నేనూ నమ్మలేదు, గిన్నె తలకిందులు చేసినా నురగ జారలేదు.

ఇక అసలు మాట, ఇది మాత్రం దయచేసి పైపైన చదివి వదిలేయొద్దు. బి12.

బి12 అనే విటమిన్‌ని మొక్కలూ తయారు చేయవు, జంతువులూ తయారు చేయవు, బ్యాక్టీరియా చేస్తుంది. అది జంతువుల ద్వారా మాంసంలోకి, పాలల్లోకి, గుడ్లలోకి వస్తుంది. రోజుకి పెద్దవాళ్ళకి కావాల్సింది 2.4 మైక్రోగ్రాములు, అంటే కంటికి కనపడనంత. ఒంట్లో, ముఖ్యంగా లివర్‌లో, కొన్నేళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది. ఈ "కొన్నేళ్ళకి సరిపడా" అన్న మాట పట్టుకునే నేను మునిగిపోయా. అప్పటికి నేను వెజిటేరియన్‌గా ఎనిమిదేళ్ళు, వీగన్‌గా దాదాపు రెండేళ్ళు. నిల్వ ఉంటుందిలే, మూడు నాలుగేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదులే అనుకున్నా. అరికాళ్ళల్లో చీమలు పాకినట్టు ఉండేది, కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చోవడం వల్లే అనుకుని కుర్చీ మార్చా. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి నవ్వుతుంటే పేరు గుర్తురాలేదు, నిద్ర చాలట్లేదనుకున్నా. ఇంకో పని మీద రక్త పరీక్ష చేయించుకుంటే డాక్టరు రిపోర్టు చూసి, రెండేళ్ళ నుంచీ బి12 వేసుకోవట్లేదా అని అడిగి ఒక్క క్షణం నా వంక అలా చూస్తూ ఉండిపోయారు. ఇంజెక్షన్లు చేయించుకున్నా, తిమ్మిరి పోవడానికి నెలలు పట్టింది. ఇంకా ఆలస్యం అయితే నరాలకి జరిగిన నష్టం కొంత వెనక్కి రాకపోవచ్చు, నా అదృష్టం.

నేను చేసిన తప్పు లెక్క ఎక్కడో చూశారా? ఆ నిల్వ లెక్క నిండా మాంసం తిన్న మనిషిది. ఎనిమిదేళ్ళు, మీ విషయంలో పద్నాలుగేళ్ళు, పాలూ గుడ్డు మీదే నడిచిన ఒంట్లో కుండ అసలు నిండా ఉందో సగమే ఉందో ఎవరికి తెలుసు. వెజిటేరియన్లలో కూడా బి12 తక్కువగా ఉండడం మామూలే. అందుకే మీరు వీగన్ మొదలుపెట్టే ముందే బి12 పరీక్ష చేయించుకోండి, మాత్రలు మొదలెట్టాక చేయిస్తే నంబరు పైకి కనపడి అసలు సంగతి తెలియదు. నంబరు అటూ ఇటూ కాకుండా మధ్యలో వస్తే డాక్టర్లు మిథైల్‌మలోనిక్ యాసిడ్ అని ఇంకో పరీక్ష రాస్తారు. ఇంకొకటుంది, వీగన్ తిండిలో ఆకుకూరలు, పప్పులు ఎక్కువ కాబట్టి ఫోలేట్ (ఇంకో బి విటమిన్) బాగా వస్తుంది, బి12 లోపిస్తే రావాల్సిన రక్తహీనతని ఆ ఫోలేట్ కప్పిపుచ్చేస్తుంది, రక్తం బాగానే ఉంది కదా అనుకుంటూ ఉంటే లోపల నరాలు పాడవుతుంటాయి.

పరీక్షలో అంతా బాగుందనుకుందాం, అప్పుడు రోజుకి 10 మైక్రోగ్రాముల మాత్ర ఒకటి, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములది ఒకటి, ఇంగ్లండ్‌లోని వీగన్ సొసైటీ వాళ్ళు చెప్పేది కూడా ఇదే. 10 ఎక్కడ, 2000 ఎక్కడ అని కంగారు పడకండి, మన పేగు ఒక పూటకి దాదాపు రెండు మైక్రోగ్రాములే సరిగ్గా పట్టుకోగలదు, ఆ పైన ఎంత వేసినా నూటికి ఒక వంతు మాత్రమే లోపలికి జారుతుంది, అందుకే వారానికొకసారి వేసుకునేదానికి అంత పెద్ద అంకె. స్పిరులినా (నాచు లాంటిది, పొడిగా అమ్ముతారు) తింటున్నా కదా అంటారు కొందరు, అందులో ఉండేది ఎక్కువగా నకిలీ బి12, ఒంటికి పనికిరాదు, దాన్ని నమ్ముకోవద్దు. షుగరుకి మెట్‌ఫార్మిన్, లేదా ఎసిడిటీకి రోజూ మాత్ర వేసుకునే వాళ్ళకి బి12 ఇంకా తక్కువ పడుతుంది, అలాంటివేమైనా ఉంటే డాక్టరుకి చెప్పండి.

మీ అక్క మాట. పూర్తిగా కొట్టిపారేయలేం, కోపం తెచ్చుకోకండి. బ్రిటన్‌లో సుమారు 55,000 మందిని సగటున 17 ఏళ్ళకి పైగా గమనించిన పెద్ద స్టడీ ఒకటి 2020లో వచ్చింది, ఎపిక్-ఆక్స్‌ఫర్డ్ అంటారు, అందులో మాంసం తినేవాళ్ళ కన్నా వీగన్లకి ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువ, తుంటి ఎముక అయితే రెండింతలు పైనే. వినడానికి గుండె జారిపోతుంది గానీ పదేళ్ళలో వెయ్యి మందికి ఇరవై మంది ఎక్కువ అని చదువుకుంటే కాస్త అందాజా తెలుస్తుంది. ఆ తేడాలో కొంత భాగం కాల్షియం, ప్రోటీన్ తక్కువ తినడం వల్ల, బరువు మరీ తక్కువ ఉండడం వల్ల, అవి లెక్కలోకి తీసుకున్నాక తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు. కాబట్టి అక్కకి చెప్పాల్సింది "అవన్నీ పుకార్లు" అని కాదు, "నా కాల్షియం ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు" అని.

ఎక్కణ్ణుంచి రావాలంటే, రోజుకి 1000 మిల్లీగ్రాములు. కాల్షియం కలిపిన మొక్కల పాలల్లో 100 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు ఉంటే అది ఆవు పాలకి సమానం, ప్యాకెట్ వెనక చూసి కొనండి, ఇంట్లో చేసుకున్నవాటిల్లో, కొన్ని ఆర్గానిక్ వాటిల్లో అసలు కలపరు. పోసే ముందు డబ్బా బాగా ఊపాలండోయ్, ఆ కాల్షియం అడుగుకి దిగిపోతుంది, ఊపకుండా వారం తాగి చివరికి డబ్బా కోసి చూస్తే అడుగున సున్నం పూసినట్టు తెల్లగా ఉండేది మా ఇంట్లో. టోఫు కొంటే కాల్షియం సల్ఫేట్‌తో గడ్డ కట్టించినదా అని చూడండి, మెగ్నీషియం క్లోరైడ్‌తో చేసినదాంట్లో కాల్షియం అంత ఉండదు. పాలకూరలో కాల్షియం చాలా ఉందని రాస్తారు, ఉంది, కానీ ఆక్సలేట్ దాన్ని పట్టుకుని వదలదు, నూటికి అయిదు వంతులే మనకి దక్కుతుంది, అదే బ్రోకలీ, కేల్ లాంటివాటిల్లో దాదాపు సగం దక్కుతుంది. పాలల్లోది ముప్పై చిల్లర. ఇంకా మెట్లెక్కండి, బరువులెత్తండి, ఎముకకి పని చెప్పకపోతే ఎంత కాల్షియం పోసినా అది గట్టిపడదు.

ఐరన్ గురించి అందరూ భయపెడతారు, మీకు మాత్రం పెద్దగా మారేదేం లేదు, పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు కాబట్టి పోయేదేమీ లేదు. భోజనంలో నిమ్మకాయో క్యాప్సికమో ఏదో ఒక పులుపో విటమిన్ సి ఉన్నదో పెట్టుకోండి, టీ కాఫీలు భోజనానికి గంట ఎడంగా తాగండి, చాలు. అయోడిన్ మాత్రం పట్టించుకోవాలి, కొన్ని దేశాల్లో అది ఎక్కువగా పాల నుంచే వస్తుంది, అయోడైజ్డ్ ఉప్పు వాడండి, ఫ్యాషన్‌గా వచ్చే గులాబీ ఉప్పులూ సముద్రపు ఉప్పులూ చాలావాటిల్లో అది కలపరు. విటమిన్ డి3 మాత్రలు ఎక్కువ భాగం గొర్రె ఉన్ని మైనం నుంచి చేస్తారు, లైకెన్ (రాళ్ళ మీదా చెట్ల మీదా పెరిగే నాచు లాంటిది) నుంచి చేసినవి విడిగా దొరుకుతాయి. ఒమేగా-3కి రోజూ ఒక స్పూను అవిసె పొడి గానీ కొన్ని వాల్‌నట్స్ గానీ, కావాలంటే ఆల్గే ఆయిల్. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళైతే సోయాకీ కాల్షియానికీ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచాలి. కడుపుతో ఉన్నా, పిల్లల్ని కూడా మీతో పాటు మార్చాలనుకున్నా నా ఉత్తరం మీద ఆధారపడకుండా డైటీషియన్‌ని కలవండి. అమెరికా డైటీషియన్ల అకాడమీ 2016లో ప్లాన్ చేసుకుంటే అన్ని వయసులకీ పర్లేదంది, 2025లో కొత్తగా రాసినప్పుడు గర్భిణులని, పిల్లల్ని పక్కన పెట్టి మిగతా పెద్దవాళ్ళ వరకే మాట్లాడింది.

లేబుళ్ళు. మొదటి రెండు వారాలు షాపులో ప్రతి ప్యాకెట్ తిప్పి చదువుతూ నిలబడిపోతారు, తర్వాత కళ్ళకి అలవాటైపోతుంది. వే పౌడర్, కేసినేట్, లాక్టోజ్, మిల్క్ సాలిడ్స్ ఇవన్నీ పాలే. లాక్టోజ్ ఫ్రీ అంటే పాలు లేనిది అని కాదు, ఆవు పాలే, చక్కెర మాత్రం విరగ్గొట్టారు. నాన్ డెయిరీ క్రీమర్ అని రాసి లోపల సోడియం కేసినేట్ పెడతారు, అది చదివిన రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పాలు ఉండొచ్చు" అని అడుగున రాస్తే అది ఎలర్జీ ఉన్నవాళ్ళ కోసం, అదే మెషిన్ మీద పాలవి కూడా చేస్తారని చెప్పడం, దానికి మీరు వదిలేయక్కర్లేదు. ఇన్నేళ్ళూ వెజిటేరియనే కదా అని తిన్న కొన్ని చీజ్‌లు కూడా దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో (పాలని గడ్డ కట్టించే ఎంజైము) చేసినవి అయ్యుండొచ్చు, ఇది తెలిసినప్పుడు నాకు రెండు రోజులు మనసు బాలేదు.

డాక్టరు రాసిన మందులో లాక్టోజ్ ఉందని, క్యాప్సూల్ జెలటిన్‌తో చేశారని మందు మానేయొద్దు. వీగన్ అన్న మాటకి ఆ సొసైటీ వాళ్ళు చెప్పుకునే అర్థంలోనే "సాధ్యమైనంత వరకు, వీలైనంత వరకు" అని ఉంది. ఆ మాట పుట్టింది 1944 నవంబర్‌లో, డొనాల్డ్ వాట్సన్, ఆయనతో పాటు ఇంకొందరు, పాలూ గుడ్డూ కూడా వద్దనుకునే వాళ్ళకి ఒక పేరు కావాలని వెజిటేరియన్ అన్న ఇంగ్లీషు మాటలో మొదటి మూడక్షరాలు, చివరి రెండక్షరాలు తీసుకుని కలిపారు. మధ్యలోది తీసేశారు. మీ అవస్థంతా ఆ మధ్యలోదాని గురించే కదా.

మరి మూడోసారి ఎలా మొదలెట్టాలి? సోమవారం నుంచి అన్నీ బంద్ అని మాత్రం పెట్టుకోకండి, పాల పొంగులా లేచి చప్పున చల్లారిపోయే పద్ధతి అది, రెండు సార్లు చూశారు కూడా. రోజులో ఒక పూట తీసుకోండి. పొద్దున కాఫీ, టిఫిన్ రెండూ సెట్ అయ్యేదాకా మిగతా పూటలు పాతవే ఉండనివ్వండి, ఒక వారం పట్టనీ మూడు వారాలు పట్టనీ. తర్వాత మధ్యాహ్నం. చీజ్ అన్నిటికన్నా చివర్న పెట్టుకోండి, చాలామంది తప్పంతా ఇక్కడే, అన్నిటికన్నా కష్టమైనదాన్ని మొదటి రోజే తీసేసి తొమ్మిదో రోజు పడిపోతారు. గుడ్డు అయితే మీకు పెద్ద ఇబ్బంది కాదనిపిస్తోంది, మీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క కూడా బాధపడలేదు, దాన్ని ముందే వదిలేయొచ్చు. ఏ రోజైనా జారిపోతే ఆ పూట జారినట్టే, మొత్తం పోయినట్టు కాదు, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టడం ఆపేయండి, ఆ లెక్కే మిమ్మల్ని ఏడిపిస్తోంది.

మీవారి చీజ్ ఫ్రిజ్‌లో ఉండనివ్వండి, కింద అరలో మూత ఉన్న డబ్బాలో పెట్టమనండి, కంటి ఎదురు అరలో మీ జీడిపప్పుది పెట్టుకోండి. ఆయన్ని మార్చాలని ఇప్పుడే చూడకండి. దూడని తల్లి నుంచి విడదీయడం గురించి మీకు తెలిసినవన్నీ భోజనాల దగ్గర మొదలెడితే వినేవాళ్ళు ఎవరూ ఉండరు, నేను ఒకప్పుడు అదే చేసి ఒక పుట్టినరోజు పార్టీలో పదిమందిని మాట్లాడకుండా చేశా, ఒక్కరు కూడా పాలు మానలేదు, నన్ను పిలవడం మాత్రం మానేశారు కొన్నాళ్ళు. ఎవరైనా అడిగితే చెప్పండి. బయట తినాల్సి వస్తే ఇంట్లో కొంచెం తిని వెళ్ళండి, ఆకలితో ఉన్న వీగన్‌కి మెనూ చదివే ఓపిక ఉండదు.

ముందు ఆ బి12 పరీక్షకి వెళ్ళి రండి, సోయా ఒక డబ్బా, కాఫీకి ఓట్‌దో బరిస్టాదో ఒక డబ్బా తెచ్చుకోండి, రిపోర్టు వచ్చాక నంబరు ఎంతో నాకు రాయండి. పాలు ముందు పోసి కాఫీ తర్వాత పోశారా, విరిగిందా లేదా, అది కూడా రాయండి.